కోపం మీ చేతిలో ఉందా? కోపం చేతిలో మీరున్నారా?

మీ ఇంట్లో ముక్కుమీద కోపం ఎవరికి? ఈ ప్రశ్న ఏ ఇంట్లో అడిగినా ఒక తమాషా జరుగుతుంది. భర్త భార్యను చూపిస్తాడు. భార్య అత్తగారివైపు చూస్తుంది. అత్తగారు కొడుకును చూపించి, "వీడికి అచ్చం వాళ్ళ నాన్న కోపమే వచ్చింది" అంటుంది. పిల్లలు మాత్రం అందరినీ చూపిస్తారు! కోపం తనకే ఎక్కువ అని ఒప్పుకునేవారు అరుదు. ఒప్పుకున్నవారు కూడా వెంటనే ఒక మాట చేరుస్తారు. "ఏం చెయ్యమంటారు? కోపం వస్తే నన్ను నేను ఆపుకోలేను. నా స్వభావమే అంత."

ఆ మాట నిజమేనా? కాస్త ఆలోచించండి. ఒక గుమాస్తాగారున్నారు. ఆఫీసులో పై అధికారి నలుగురి ముందూ ఆయన ఫైలు విసిరికొట్టాడు. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా, "అలాగేనండి, మళ్ళీ రాసి తెస్తాను" అని కాగితాలు ఏరుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక కాఫీలో చక్కెర తక్కువైందని గ్లాసు గోడకేసి కొట్టాడు. నలుగురిలో జరిగిన అవమానం పెద్దదా, అర చెంచా చక్కెర పెద్దదా? పెద్దదానికి ఆగిన కోపం చిన్నదానికి ఎందుకు ఆగలేదు?

అధికారి ముందు కోపగిస్తే ఉద్యోగానికి ముప్పు. ఇంట్లో కోపగిస్తే ఏ ముప్పూ లేదనుకున్నాడు. అంతే తేడా! అత్తమీద కోపం దుత్తమీద చూపడమంటే ఇదే. భర్త భార్యను కసురుతాడు. భార్య పిల్లవాడి వీపుమీద ఒకటి వేస్తుంది. పిల్లవాడు చెల్లెలి జడ లాగుతాడు. చెల్లెలు బొమ్మ కాలు విరిచేస్తుంది. నీళ్ళలాగే కోపం కూడా పల్లానికే పారుతుంది.

ఇందులో ఒక మంచి సంగతి కూడా ఉంది. ఆఫీసులో ఆపుకోగలిగారంటే, ఆపుకునే శక్తి మీలో ఉన్నట్టే. ఆ శక్తిని ఇంట్లోనూ, రోడ్డుమీదా, ఫోనులోనూ వాడటం నేర్చుకోవాలి. సైకిలు తొక్కడం, ఈత కొట్టడం నేర్చుకున్నట్టే ఇదీ అభ్యాసంతో వచ్చే విద్య. ఇప్పుడు ప్రపంచమంతటా మానసిక వైద్యులు నేర్పుతున్న కోపనిగ్రహ పద్ధతులకు, అమెరికాలో రేమండ్ నొవాకో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో ప్రచురించిన పుస్తకం ఒక ముఖ్యమైన పునాది. కోపిష్ఠులైన మనుషులకు శిక్షణ ఇస్తే కోపం అదుపులోకి వస్తుందని ఆయన చూపించాడు.

కోపం వస్తే ఒంట్లో ఏమవుతుంది?

కోపం మనసులో పుట్టినా మంట మాత్రం ఒళ్ళంతా పాకుతుంది. ఈ సంగతిని శ్రద్ధగా పరిశోధించినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త. నొప్పి, ఆకలి, భయం, కోపం కలిగినప్పుడు శరీరంలో వచ్చే మార్పుల గురించి ఆయన 1915లో ఒక గ్రంథం ప్రచురించాడు.

అడవిలో మనిషికి పులి ఎదురైందనుకోండి. కలియబడాలి, లేదా కాళ్ళకు బుద్ధి చెప్పాలి. రెండింటికీ బలం కావాలి. అందుకని మెదడు నుంచి క్షణంలో ఆజ్ఞ వెళుతుంది. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తపుపోటు పెరుగుతుంది. ఊపిరి వేగం హెచ్చుతుంది. కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి పంపుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. అరుగుదల మందగిస్తుంది. రక్తం తొందరగా గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది. పులి పంజా తగిలితే నెత్తురు ఎక్కువగా పోకుండా ఇదొక ఏర్పాటు.

పులి దగ్గర ఇవన్నీ ప్రాణం కాపాడతాయి. కాని ఈ రోజు మన ముందున్నది పులి కాదు. కరెంటు బిల్లు, ట్రాఫిక్‌లో వెనకనుంచి హారన్ మోగించే కుర్రాడు, ఫోనులో తలమునకలుగా ఉన్న కొడుకు. వీళ్ళతో కుస్తీ పట్టలేం, పారిపోలేం. ఒంట్లో పుట్టిన బలమంతా ఖర్చయ్యే దారిలేక లోపలే పొగలు కక్కుతుంది.

అమెరికాలో గుండెపోటు వచ్చి బతికిన 1,623 మందిని ప్రశ్నించి చేసిన ఒక పరిశోధన 1995లో వెలువడింది. తీవ్రమైన కోపం వచ్చిన తరువాత 2 గంటల లోపు గుండెపోటు వచ్చే అవకాశం మామూలు సమయం కంటే 2 రెట్లకు పైగా పెరుగుతుందని తేలింది. ఆ తరువాత అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి 2014లో లెక్క చూస్తే, ఆ అవకాశం 5 రెట్లకు దగ్గరగా కనిపించింది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం వారు 2024లో ఇంకొక సంగతి బయటపెట్టారు. 280 మంది ఆరోగ్యవంతులను తీసుకుని, వారిలో కొందరిని తమకు కోపం తెప్పించిన సంఘటనను 8 నిమిషాలు తలుచుకోమన్నారు. ఆ కాసేపటికే వాళ్ళ రక్తనాళాలు సాగే గుణం తగ్గిపోయింది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి దాదాపు 40 నిమిషాలు పట్టింది. గమనించారా? కొత్తగా ఎవరూ వారిని తిట్టలేదు. పాత కోపాన్ని తలుచుకున్నారు, అంతే!

ఇది చదివి కంగారుపడకండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకసారి కోపం వచ్చినంత మాత్రాన గుండె ఆగిపోదు. అసలు అవకాశమే చాలా తక్కువ కనుక, అది కొన్ని రెట్లు పెరిగినా తక్కువగానే ఉంటుంది. కాని ఇప్పటికే గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహం ఉన్నవారు, పొగతాగేవారు రోజుకు నాలుగైదుసార్లు నిప్పులు కక్కుతుంటే ఆ లెక్క మారిపోతుంది. గొడవ పడ్డాక గుండెలో బిగబట్టినట్లుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే "గ్యాసులే" అని సోడా తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోను చేసి ఆస్పత్రికి వెళ్ళండి.

మీ కోపం హద్దులో ఉందా?

ఈ ప్రశ్నలకు మీకు మీరే జవాబు చెప్పుకోండి. ఎవరికీ చూపించనక్కరలేదు.

1. వారంలో రెండు మూడుసార్లయినా గొంతు చించుకుని అరుస్తున్నారా?
2. కోపంలో వస్తువులు విసరడం, తలుపులు ధడాలున వెయ్యడం అలవాటుందా?
3. మీరు ఇంట్లోకి అడుగు పెట్టగానే పిల్లల మాటలు ఆగిపోతున్నాయా?
4. జరిగిపోయిన గొడవ రాత్రి పడుకున్నాక కూడా తలలో తిరుగుతోందా?
5. కోపంలో పంపిన ఫోను సందేశాలకు తెల్లవారి చింతిస్తున్నారా?
6. బండి నడుపుతూ ముక్కూ మొహం తెలియని వారితో తగాదా పెట్టుకున్నారా?
7. కోపం వచ్చినప్పుడు తిండి మానెయ్యడం, రోజుల తరబడి మాట్లాడకపోవడం చేస్తున్నారా?
8. ఎప్పుడైనా ఎవరిమీదైనా చెయ్యి చేసుకున్నారా?

మొదటి ఏడింటిలో మూడింటికి "అవును" అని జవాబు వస్తే మీ కోపాన్ని పట్టించుకోవలసిన సమయం వచ్చిందన్నమాట. చివరి ప్రశ్న ఒక్కదానికి "అవును" అన్నా చాలు, ఆలస్యం చెయ్యకూడదు. ఇది వైద్య పరీక్ష కాదు, అద్దంలో మొహం చూసుకోవడం లాంటిది.

కక్కేస్తే పోతుందా?

"కోపాన్ని లోపల దాచుకోకూడదు, కక్కేస్తే మనసు తేలికపడుతుంది" అని చాలామంది నమ్మకం. కోపం వచ్చినప్పుడు దిండును గుద్దమనీ, గది తలుపులు మూసుకుని అరవమనీ సలహా ఇచ్చేవాళ్ళున్నారు. బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 600 మంది విద్యార్థులతో దీన్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించాడు. తమకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ ఇసుక బస్తా లాంటిదాన్ని గుద్దినవారికి కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చెయ్యకుండా కూర్చున్నవారే నయం అనిపించుకున్నారు. 2024లో ఆయన మరొకరితో కలిసి 154 పరిశోధనలను పరిశీలించాడు. గుండె వేగాన్ని పెంచే పనులు కోపాన్ని తగ్గించడంలో పెద్దగా ఉపయోగపడటం లేదనీ, నెమ్మదిగా ఊపిరి పీల్చడం, ధ్యానం, యోగా, కండరాలు సడలించడం వంటివి బాగా పనిచేస్తున్నాయనీ తేలింది.

పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఏం చేస్తారు? ముందు మంట తగ్గిస్తారు. ఇక్కడా అంతే. పరుగు, నడక గుండెకు మంచివే. రోజూ చెయ్యండి. కాని కోపంతో ఊగిపోతున్న క్షణంలో కావలసింది ఒంటిని చల్లబరిచే పని.

మరి మింగేస్తేనో?

ఇది ముఖ్యంగా ఇల్లాళ్ళు చదవవలసిన మాట. "నాకు కోపమే రాదండీ" అనే ఇల్లాలిని కాస్త కదిపి చూడండి. వారానికి రెండుసార్లు తలనొప్పి, మెడ పట్టెయ్యడం, కడుపులో మంట, రాత్రి నిద్ర పట్టకపోవడం. బయటికి రాని కోపం ఇలా వేరే వేషాలు వేసుకుని వస్తుంటుంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హాం అనే పట్టణం గుండెజబ్బుల పరిశోధనకు పేరు పొందింది. అక్కడి కుటుంబాలను పదేళ్ళపాటు గమనించి 2007లో ప్రకటించిన ఫలితాల్లో, భర్తతో తగాదా వచ్చినప్పుడు నోరు మూసుకుని అంతా లోపలే అణచుకునే స్త్రీలు ఆ పదేళ్ళలో మరణించే అవకాశం, తమ మాట చెప్పుకోగలిగిన స్త్రీల కంటే 4 రెట్లు ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. మౌనమే దీనికి కారణమని అంత మాత్రాన తేల్చి చెప్పలేం. కాని ఆలోచించదగ్గ సంగతే.

కాబట్టి కక్కడమూ మందు కాదు, మింగడమూ మందు కాదు. ముందు చల్లారాలి, తరువాత చెప్పాలి. ఈ వరస తప్పితేనే చిక్కు.

కోపం వెనక జబ్బు ఉండవచ్చు

మొన్నటి దాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఈ మధ్యనే చీటికీ మాటికీ చిర్రుబుర్రులాడుతుంటే, అతన్ని తిట్టేముందు అతని ఆరోగ్యం సంగతి చూడండి.

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేసినప్పుడు చిరాకు పెరుగుతుంది. దానితోపాటు బాగా తింటున్నా బరువు తగ్గడం, గుండెదడ, చేతులు వణకడం, వేడి భరించలేకపోవడం ఉంటాయి. ఒక రక్తపరీక్షతో బయటపడుతుంది, మందులున్నాయి.

మధుమేహానికి ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారు భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు చెమటలు, వణుకు, వాటితో పాటు అకారణమైన కోపం వస్తాయి. ఆ సమయంలో వాదన పెట్టుకోకండి. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చెయ్యండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మనసు కుంగిన మనిషి ఏడుస్తూనే ఉంటాడని లేదు. ముఖ్యంగా మగవారిలో కుంగుబాటు విసుగు రూపంలోనూ, కోపం రూపంలోనూ కనిపిస్తుంది. ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం, ఆకలి మందగించడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి. కొందరు స్త్రీలకు బహిష్టుకు ముందు వారం రోజులు, మరికొందరికి ముట్లుడిగే వయసులో చిరాకు ఎక్కువగా ఉంటుంది. అది వారి "బుద్ధి" కాదు, దానికీ చికిత్స ఉంది. స్టెరాయిడ్ మందులు, తలకు తగిలిన దెబ్బలు, తీరని నొప్పులు, సిగరెట్టు మానిన మొదటి వారాలు కూడా మనిషిని కోపిష్ఠిని చేస్తాయి.

ఇక సారా, విస్కీల సంగతి. తాగితే బాధ మరిచిపోతామని అంటారు. తాగినప్పుడు ముందు మరిచిపోయేది హద్దు. కోపిష్ఠికి తాగుడు తోడైతే అగ్నికి ఆజ్యం పోసినట్లే.

అన్నిటికంటే సాధారణమైనవి మూడున్నాయి: నిద్ర చాలకపోవడం, ఆకలి, అలసట. ఒక పూట కోపాలను లెక్కపెట్టి చూడండి. సగం ఈ మూడింటి ఖాతాలోకే పోతాయి.

ఆ పది నిమిషాలు

కోపం చెప్పకుండా రాదు. చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుసుకుంటుంది, పిడికిళ్ళు ముడుచుకుంటాయి, గొంతు హెచ్చుతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు. మీ గుర్తు ఏదో కనిపెట్టండి. మీకు తెలియకపోతే మీ భార్యనో, భర్తనో అడగండి. వారికి బాగా తెలుసు! ఆ గుర్తు కనిపించగానే ఈ పనులు చెయ్యండి.

మొదటిది, మాట ఆపండి. వాక్యం సగంలో ఉన్నా సరే. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

రెండవది, అక్కడినుంచి లేవండి. అలిగి తలుపు వేసుకోమని కాదు. "నాకు ఇప్పుడు కోపంగా ఉంది. పది నిమిషాల్లో వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం" అని చెప్పి వెళ్ళండి. చెప్పిన మాట ప్రకారం తిరిగి రండి. రాకపోతే అది ఎదుటి మనిషిని అవమానించడమే అవుతుంది.

మూడవది, ఊపిరి. వీలైతే కూర్చోండి. భుజాలు వదులు చెయ్యండి. మనసులో నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. పొట్ట ముందుకు రావాలి. ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఇలా నిమిషానికి ఆరుసార్ల చొప్పున మూడు నిమిషాలు చెయ్యండి. పీల్చడం కంటే వదలడం నెమ్మదిగా ఉండటమే ఇందులో కిటుకు. అలా వదులుతున్నప్పుడు గుండెను నెమ్మదింపజేసే నాడులు పనిచేస్తాయి. కోపం లేనప్పుడు ఉదయం, రాత్రి ఐదేసి నిమిషాలు అభ్యాసం చేసి ఉంటేనే కోపంలో గుర్తుకు వస్తుంది. ఇల్లు తగలబడ్డాక బావి తవ్వితే ఏం లాభం?

నాలుగవది, తలలో తగాదాను మళ్ళీ ఆడించకండి. "వాడు అలా అన్నాడు, నేను ఇలా అనవలసింది" అని తలుచుకున్న కొద్దీ ఎడ్రినలిన్ మళ్ళీ ఊరుతుంది. మొహం మీద చన్నీళ్ళు చల్లుకోండి, మొక్కలకు నీళ్ళు పొయ్యండి, బట్టలు మడత పెట్టండి. చేతులకు నెమ్మదైన పని చెప్పండి.

ఐదవది, ఫోను ముట్టుకోకండి. ఈ కాలంలో సగం కాపురాలు, సగం స్నేహాలు వాట్సాప్‌లో దెబ్బ తింటున్నాయి. ఎదుటి మనిషి ముందుంటే మన మాటకు అతని మొహం ఎలా మారిందో చూసి కాస్త తగ్గుతాం. ఫోనులో ఆ మొహం కనిపించదు. కోపంలో జవాబు రాయకుండా ఉండలేకపోతే ఒక కాగితం మీద రాసుకోండి. తెల్లవారి చదివితే అందులో పంపదగ్గది ఒక్క వాక్యమే మిగులుతుంది.

బండి నడుపుతున్నప్పుడు కోపం వస్తే పక్కకు ఆపండి. మీ ముందు దూరినవాడు ఎవరో మీకు తెలియదు. అతని బండిలో నొప్పులు పడుతున్న గర్భిణి ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. ఏదైనా అతని వెంటబడి మీరు సాధించేది ఏమీ లేదు.

చల్లారాక చెప్పవలసిన తీరు

చల్లారిపోయింది కదా అని విషయాన్ని వదిలెయ్యడం ఇంకొక పొరపాటు. కోపం చాలాసార్లు ఒక నిజమైన లోటును చూపిస్తుంది. దాన్ని మాటల్లో పెట్టాలి.

భర్త రోజూ ఆలస్యంగా వస్తున్నాడనుకోండి. "మీకు ఇల్లంటే లెక్కే లేదు. మీ వంశమే అంత" అంటే ఏమవుతుంది? అసలు సంగతి పక్కకు పోయి, వంశాల మధ్య యుద్ధం మొదలవుతుంది. దానికి బదులు, "ఏమండీ, తొమ్మిదయినా మీరు రాకపోతే నాకు కంగారుగా ఉంటోంది. ఆలస్యమయ్యే రోజు ఒక్క ఫోను చేసి చెప్పండి" అని చూడండి. ఇందులో మూడు విషయాలున్నాయి. ఏం జరిగింది, మీకు ఏమనిపించింది, ఏం కావాలి. తిట్టు లేదు. ఎదుటివారికి జవాబు చెప్పే దారి ఉంది.

ఒక్కసారి ఒక్క విషయమే మాట్లాడండి. పెళ్ళినాటి మర్యాదల లోటుపాట్లను ఈ రోజు కూరలో ఉప్పుతో కలపకండి. "ఎప్పుడూ", "ఎన్నడూ" అనే మాటలు మానెయ్యండి. "నువ్వు ఎప్పుడూ ఇంతే" అంటే, "ఫలానా రోజు నేను చెయ్యలేదా?" అని ఎదుటివారు లెక్కలు తీస్తారు. పుట్టింటివారినీ, అత్తింటివారినీ మధ్యలోకి లాగకండి. ఆకలితో ఉన్నప్పుడూ, రాత్రి పడుకునేముందూ, చుట్టాల ముందూ ఇటువంటి మాటలు పెట్టుకోకండి. బయటినుంచి వచ్చినవారికి చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగి, కాళ్ళు కడుక్కునే వ్యవధి ఇవ్వండి. ఆ అరగంట ఇంట్లో ఏ ఫిర్యాదూ వినిపించకూడదని ఒక నియమం పెట్టుకుంటే సగం గొడవలు పుట్టవు.

ఇంకొక సంగతి. మనకు కోపం తెప్పించేది చాలావరకు జరిగిన పని కాదు, దానికి మనం చెప్పుకునే అర్థం. పక్కింటివారు పలకరించలేదు. "పొగరు" అనుకుంటే కోపం. "చూసుకోలేదేమో, ఏ దిగులులో ఉన్నారో" అనుకుంటే కోపం రాదు. "కావాలనే చేశారు" అని తీర్పు చెప్పేముందు ఇంకో రెండు కారణాలు వెతకండి. కోర్టులో ముద్దాయికి ఇచ్చే అవకాశం ఇంట్లోవారికి ఇవ్వకపోతే ఎలా?

కోపాల చిట్టా

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకోండి. రెండు వారాలపాటు, కోపం వచ్చిన ప్రతిసారీ చల్లారాక నాలుగు ముక్కలు రాయండి. ఎన్ని గంటలకు, ఎవరిమీద, అప్పటికి తిన్నారా, నిద్రపోయారా, మనసులో ఏమనుకున్నారు, ఏం చేశారు. రెండు వారాల తరువాత చదివితే మీ కోపానికి కూడా వేళలున్నాయని తెలుస్తుంది. పిల్లల్ని బడికి పంపే వేళ అయితే పుస్తకాల సంచీ, యూనిఫారం రాత్రే సిద్ధం చెయ్యండి. నెలాఖరు అయితే డబ్బు సంగతి నెల మొదట్లోనే కలిసి కూర్చుని మాట్లాడుకోండి. కోపంతో పోరాడటం కంటే కోపం వచ్చే దారిని మార్చడం తేలిక.

పిల్లలు, పెద్దవాళ్ళు

పిల్లలకు మనం చెప్పేది పట్టదు, చేసేది పడుతుంది. తండ్రి అరిచి పని సాధించుకోవడం చూసిన పిల్లవాడు రేపు బడిలో అదే చేస్తాడు. రోజూ అరుపులు వినే పిల్లల్లో కొందరు పక్క తడుపుతారు, కొందరు కడుపునొప్పి అంటారు, కొందరు చదువులో వెనకబడతారు. కొట్టి నేర్పితే వారు నేర్చుకునేది భయమూ, అబద్ధమూ. అనవసరంగా పిల్లవాడిమీద కోపగించారనుకోండి. తరువాత దగ్గరకు తీసుకుని, "నాన్నా, ఇందాక అలా అరవడం నా తప్పు" అని చెప్పండి. దానివల్ల మీ పెద్దరికం తగ్గదు. తప్పు ఎలా ఒప్పుకోవాలో వాడికి ఒక పాఠం అవుతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళు కసురుకుంటుంటే వయసు చాదస్తమని కొట్టిపారెయ్యకండి. వినబడకపోవడం, మోకాళ్ళ నొప్పులు, మలబద్ధకం, నిద్రలేమి వారిని విసిగిస్తుంటాయి. తనను ఎవరూ సంప్రదించడం లేదన్న బాధ ఉంటుంది. నెలల తరబడి మతిమరుపుతో పాటు కోపం పెరుగుతుంటే మతిమరుపు జబ్బు కావచ్చు. రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమకగా మాట్లాడి రంకెలు వేస్తుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వంటి జబ్బు ఉండవచ్చు. అది వెంటనే చూపించవలసిన పరిస్థితి.

ఇది కోపం కాదు, దౌర్జన్యం

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. భార్యను కొట్టేవాడు, భయపెట్టి బతికేవాడు "కోపం ఆపుకోలేక" అంటే నమ్మకండి. వాడు పక్కింటి పహిల్వాన్‌ను కొట్టడు. దెబ్బలు తింటున్న స్త్రీకి ఊపిరి పీల్చే పద్ధతులు నేర్పి సర్దుకుపొమ్మనడం అన్యాయం. ఆమె కోపం న్యాయమైనది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. సహాయం కోసం 181 నంబరుకు, ప్రాణానికి ముప్పు ఉంటే 112కు ఫోను చెయ్యాలి. పిల్లలను హింసిస్తుంటే 1098.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

కోపంలో చెయ్యి చేసుకుంటున్నా, వస్తువులు పగలగొడుతున్నా, ఉద్యోగమో కాపురమో చెడే దాకా వచ్చినా, తననో మరొకరినో ఏదైనా చేసేయాలన్న ఆలోచన వస్తున్నా మానసిక వైద్యుని చూడాలి. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని సిగ్గుపడకండి. పంటినొప్పికి పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళినట్టే ఇదీ. జిల్లా ఆస్పత్రుల్లో, బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. కదలలేనివారు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. కోపానికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. దాని వెనక ఉన్న జబ్బుకు మందులుంటాయి, కోపానికి శిక్షణ ఉంటుంది. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు కొని వేసుకోకండి. బి.పి. మాత్రలు వాడుతున్నవారు, కోపం తగ్గింది కదా అని సొంతంగా మానకండి.

చివరగా, కోపం పూర్తిగా పోవాలని కోరుకోకండి. అన్యాయం చూసి కూడా కోపం రాని మనిషివల్ల ఎవరికీ ఉపకారం లేదు. కావలసినదల్లా అది తగిన మనిషి మీద, తగిన సమయంలో, తగినంత మాటగా బయటికి రావడమే. అందుకు ఇప్పుడే ఒక పని మొదలుపెట్టండి. ఇవన్నీ ఒక్కరోజులో చెయ్యబోకండి. ఈ వారం అంతా, కోపం వచ్చినప్పుడు నోరు తెరిచేముందు మూడు నిమిషాలు ఊపిరి లెక్కపెట్టండి. పదిసార్లలో ఆరుసార్లు మరిచిపోతారు. ఫరవాలేదు. గుర్తున్న ఆ నాలుగుసార్లే లెక్కలోకి తీసుకుని, వచ్చే వారం ఐదు చేసుకోండి.